రేవులో పనికి పూనుకున్న శ్రావణికి

కర్నూలు

చి. శ్రావణికి నాన్న ఆశీస్సులు.

సంగమేశ్వరం నుంచి సోమశిలకు దాటే పడవల దగ్గర మీ కాలేజీ పిల్లలతో స్వచ్ఛంద బృందం పెడతానని రాశావు. చానా సంతోషం తల్లీ. కానీ నీ జాబు నిండా ఈత నేర్పడం, తాళ్లు, రెస్క్యూ బోటు, ఇవే ఉన్నాయి. ఇట్లాంటి బృందాలు ఎట్లా పుట్టి ఏ పనికి వచ్చి చేరాయో తెలిస్తే, ఏది ముందు ఏది తర్వాత అనేది నీకే తేలుతుంది.

ఇంగ్లండులో 1824లో విలియం హిల్లరీ పూనికతో మొదలైందే, సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లను పడవల్లో వెళ్లి కాపాడే ఇప్పటి సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ. ఓడ మునుగుతుంటే తీరంలోని మనుషులే తెడ్లేసుకుని ఎదురుపోయేవాళ్లు. 1861 ఫిబ్రవరిలో విట్బీ దగ్గర తుఫానులో అట్లా వెళ్లిన 13 మందిలో 12 మంది చనిపోయారు. మిగిలిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే కొత్త రకం కార్కు లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ కెప్టెన్ వార్డ్ ఆ జాకెట్‌ను రూపొందించింది 1854లో. ఏడేళ్లయినా అందరి ఒంటి మీదికీ రాలేదు. పోయినవాళ్లు సముద్రం ఎరగనివాళ్లు కాదు. ఈ సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పు.

అమెరికాలో 1939 జూన్ 23న చట్టం చేసి, సొంత పడవలున్న మామూలు జనంతో ఒక దళం కట్టారు. 1941లో దాని పేరు కోస్ట్ గార్డ్ ఆక్జిలరీ, అంటే తీర రక్షక దళానికి సహాయ దళం, అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్లు తమ పడవల్లోనే తీరం వెంబడి గస్తీ తిరిగారు. తర్వాతి కాలంలో పడవలు తనిఖీ చేయడం, నడిపేవాళ్లకు పాఠాలు చెప్పడం వాళ్ల ముఖ్యమైన పనుల్లో చేరాయి. ఆ తనిఖీకి రూపాయి ఖర్చుండదు. లోపం కనిపిస్తే యజమానికి చెబుతారు. జరిమానా వేయరు, పోలీసులకు రాయరు. అన్నీ సరిగ్గా ఉంటే స్టిక్కర్ అంటిస్తారు. అందుకే యజమానులు తామే పిలిచి పడవ చూపిస్తారు. మీరూ రేవులో అధికారుల్లాగా నిలబడొద్దు. పడవ నడిపే అన్నలు మిమ్మల్ని నమ్మితేనే అడుగున చేరిన నీళ్లు కూడా దాచకుండా చూపిస్తారు.

ఏం చూడాలో చెబుతాను. ముందు బరువు. మరపడవకు 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే (అధికారులు చేసే పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంతమంది ఎక్కొచ్చో ఆ కాగితంలోదే లెక్క. గాలి లేని పొద్దున ఒడ్డు పక్కనే అంతమందిని ఎక్కించి సమంగా కూర్చోబెట్టి, నీళ్లు తాకే మట్టానికి ముందు, నడుమ, వెనక, రెండు పక్కలా పెయింటుతో గీత గీయండి. తర్వాత ఏ రోజైనా గీత మునిగితే బరువు ఎక్కువైనట్టే. మోటారుసైకిల్ ఎక్కితే దాన్ని ఇద్దరు మనుషుల కింద లెక్కెయ్యాలి.

గీత పైకే ఉన్నా పడవ బోల్తా పడొచ్చు. ఫోటో కోసమని జనం లేచి ఒక పక్కకు జరిగితే బరువు పైకీ పక్కకీ పోతుంది. అడుగున నీళ్లుంటే అవి కూడా ఆ వంగిన పక్కకే పారి ఇంకా వంచుతాయి. కాబట్టి ప్రతి ట్రిప్పుకు ముందు నీళ్లు తోడాలి. ఒడ్డు తగిలేదాకా ఎవరూ లేవకూడదు.

జాకెట్లు లెక్కపెట్టి ఊరుకోవద్దు. బట్ట రంగు వెలిసిపోయిందంటే ఎండకు పీచు బలం పోయిందని అనుమానించాలి, వేళ్లతో గట్టిగా లాగి చూడండి. లోపలి నురుగు (ఫోమ్) గట్టిపడినా, నీళ్లు పీల్చి బరువెక్కినా అది పక్కన పెట్టాల్సిందే. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకెత్తితే గడ్డం దాటి రాకూడదు. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే వెయ్యాలి, లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి పోయి బిడ్డ కిందికి జారుతుంది. జాకెట్‌ను మెత్త చేసుకుని కూర్చోనివ్వొద్దు, నురుగు అణిగిపోతుంది. తడిసినవి నీడలో ఆరెయ్యండి.

మీ రేవులో నిలిచేవి శ్రీశైలం డ్యాం నీళ్లే, దాని పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు తగ్గేకొద్దీ మునిగిన ఊళ్ల మొండిగోడలు, మోళ్లు పడవ అడుగుకు దగ్గరవుతాయి. నెల కిందటి దారి ఈ నెల పనికిరాకపోవచ్చు. ఏ దారిలో పోవాలో జాలర్లనే అడగండి, వాళ్లకంటే ఎక్కువ తెలిసినవాళ్లు అక్కడ లేరు.

మునిగే మనిషి చాలాసార్లు అరవలేడు, చెయ్యి ఊపలేడు. మీ పిల్లలు వెంటనే దూకొద్దు. ముందు కర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి. మూత బిగించిన 5 లీటర్ల ప్లాస్టిక్ క్యానులో అంగుళం నీళ్లుంచి, నీటిపై తేలే 15 మీటర్ల తాడు కట్టండి. ఖాళీ క్యాను గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. ఒడ్డుకు తెచ్చాక మింగిన నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ నీళ్ల కోసం ఊపిరి అందే సమయం పోతుంది, కడుపులోది గొంతుకు అడ్డం పడుతుంది. ఊపిరి ఆడకపోతే నోటితో ఊదడమే ముందు. తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊదడం ఆపకుండా చెయ్యాలి. ఒకరు అప్పటికే 108కి ఫోన్ చేస్తుండాలి. దీన్ని ఆసుపత్రి వాళ్ల దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోండి, చదివితే రాదు.

రెస్క్యూ బోటుకు చందాలు ఇప్పుడే అడగొద్దు. ఆ డబ్బుతో మొదట పిల్లల సైజు జాకెట్లు కొనండి. రేవులో తిరిగే పడవల పొడవు, వెడల్పు, సర్వే కాగితంలో ఉన్న మనుషుల సంఖ్య రాసుకుని నాకు పంపు. గీతలు ఎక్కడ వెయ్యాలో నేనొచ్చి మీతోపాటు చూస్తాను.

మీ నాన్న