బీరువా తాళాలు తీయించండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ప్రతి బడికీ కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. పుస్తకాలు వస్తున్నాయి, బీరువాలోనే ఉండిపోతున్నాయి. పోయినా చిరిగినా లెక్క చెప్పాల్సింది టీచరే, అందుకే భయం. వాడకంలో చిరిగినవాటిని ఏటా స్టాకు రిజిస్టరు నుంచి కొట్టేయవచ్చని సర్క్యులర్ ఇవ్వండి. అన్నిటికన్నా ముందు కావాల్సింది ఇదే.

బీరువా గోడకు జానెడు ఎడంగా, ఇటుకల మీద ఉండాలి. చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. చిన్నపిల్లల పుస్తకాలను అట్ట కనిపించేలా తాడుకు వేలాడదీయాలి. వరసగా పేర్చిపెడితే వాళ్లు ముట్టుకోరు. వారానికొకటి ఇంటికివ్వాలి, రిజిస్టరులో పేరు, పుస్తకం నంబరు, తేదీ చాలు.

వేసవిలో చదువు తెగిపోతుంది. గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు 1935లోనే పడవలో పల్లెలకు పుస్తకాలు పంపారు. ఏప్రిల్‌లో ఊరికో పెట్టె, యాభై పుస్తకాలతో, పంచాయతీ ఆఫీసులో ఉంచడానికి అనుమతివ్వండి.

ఇట్లు,
పాఠశాల గ్రంథాలయ బాధ్యులు