ఉత్తి ఫ్లాష్ సంగతి

సంపాదకులకు నమస్కారం.

ఫిల్మ్ రోజుల్లో ఫోటోకి నిజాయితీ ఉండేదని, ఇప్పటి ఫోన్ ఫోటోల్లో అంతా మాయేనని ఈమధ్య పాఠకుల ఉత్తరాల్లో తరచూ చూస్తున్నాను. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకో చెప్పేస్తాను.

అప్పట్లో కలర్ రోల్‌కి 36 ఫోటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే 37, అదృష్టం బాగుంటే 38. పెళ్ళివారు మాట్లాడుకునేది ఒక రోల్‌కి, మహా అయితే రెండు. తాళికి, తలంబ్రాలకి, అప్పగింతలకి దాచుకోవాలి. ఈలోగా వేలువిడిచిన మేనత్త వస్తుంది, పెళ్ళికొడుకు ఆఫీసువాళ్ళు వస్తారు, "మాకొకటి తియ్యి బాబూ" అంటారు. కాదంటే అలుగుతారు. ఫ్లాష్ వెనకాల చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. కెమెరా కంటికి పెట్టుకుని అది నొక్కితే వెలుగొస్తుంది, ఫిల్మ్ కదలదు. అందరూ సంతోషంగా భోజనాలకి వెళ్ళిపోయేవారు. ఉత్తి ఫ్లాష్ అనేవాళ్ళం దాన్ని. నేనొక్కణ్ణే కాదు లెండి, ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు తీసినవాళ్ళని అడిగి చూడండి, నవ్వి మాట మార్చేస్తారు.

ఆల్బమ్ వచ్చాక "మాదేదీ?" అంటే, "పడలేదమ్మా, ల్యాబ్‌లో పోయింది" అనేవాణ్ణి. మేం తీసిన కలర్ రోల్ చిన్న రైల్లో నౌపడ వెళ్ళి, అక్కణ్ణించి విశాఖపట్నం చేరాలి. అంతదూరం పోయొచ్చే వస్తువు మీద నేరం తోసెయ్యడం తేలిక. ఆ చిన్న రైలు కూడా 2004లో ఆగిపోయింది, ఇప్పుడు అదే దారిలో పెద్ద రైలు.

నలుపు తెలుపు మాత్రం నా చేతిలోనే. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము వాడేవాణ్ణి. సినిమాల్లో చూపించినట్టు ఎర్రబల్బు కింద ఫిల్ము కడిగితే మొత్తం నల్లబడి ఊరుకుంటుంది. దానికి చిమ్మచీకటి కావాలి, చేతివేళ్ళే కళ్ళు. ఎర్రబల్బు ఫోటో అచ్చువేసే కాగితం దగ్గరే. మందులో పడ్డ తెల్లకాగితం మీద ముందు జుట్టు, కనుబొమ్మలు తేలతాయి, ముఖం ఆ తర్వాత. ఎన్ని వేలసార్లు చూశానో, ఒక్కసారీ విసుగు రాలేదు.

గత నెల పాతపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. 1988లో ఆవిడ పెళ్ళి తీసింది నేనే. పందిట్లో వాళ్ళ మామ్మ పక్కన కూర్చున్న ఫోటో కావాలంది. ఆ ముసలావిడకి ఇంకెక్కడా ఫోటో లేదట. "ఫ్లాష్ వెలిగింది అన్నయ్యా, మామ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది కూడా" అంది. రిజిస్టరు వెతికి, కవరు తీసి, నెగటివ్‌లు కిటికీ వెలుగుకి పట్టి 37 గళ్ళూ చూశాం. ఆ ఫోటో లేదు. అప్పగింతల గడిలో ఎవరి భుజం వెనకో మామ్మ తెల్లజుట్టు, నెగటివ్ కాబట్టి నల్లగా, కాస్త కనిపించింది. ల్యాబ్ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ గడినే పెద్దది చేయించమంది.

ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయి నాలుగు పెట్టెల నెగటివ్‌లు తడిశాయి. అవి ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇక ఊడిరావు. ఆరకముందే మంచినీళ్ళలో వేసి, ఒక్కొక్కటీ విడదీసి, బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. మూడు పెట్టెలు దక్కాయి. ఇంకో తుపాను తట్టుకునే ఓపిక నాకు లేదు. పైగా రిజిస్టర్లన్నీ తెలుగులో ఉన్నాయి. మా మనవడు తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదివింది ఒడియా బడిలో, నా రాత వాడికి గీతలే.

దసరా తర్వాత గది ఖాళీ చేస్తున్నాను. 1976 నుంచి 2006 వరకు పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్‌లలో నా చేత ఫోటోలు తీయించుకున్నవారు వచ్చి నెగటివ్‌లు పట్టుకెళ్ళండి. డబ్బులక్కర్లేదు, పెళ్ళి తేదీ చెబితే చాలు. ఆల్బమ్‌లో రాని ఫోటో సంగతి అడగాలనుకున్నా అడగండి. ల్యాబ్ కథ ఇక చెప్పను.

— ఒక పాత స్టూడియో యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా