మన సంఘం వార్షిక నివేదిక: మెషీన్ లేబుళ్లతో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. కమిటీ తరఫున ఈ ఏడాది ఏం చేశాం, ఏం మిగిలిపోయింది అన్నది రాస్తున్నాను. జమాఖర్చుల కాగితం విడిగా పంపాం కాబట్టి ఇక్కడ ఆ ఊసు ఎత్తట్లేదు, ఎవరికైనా డౌట్ ఉంటే ట్రెజరర్ గారిని అడగండి.

ఈ ఏడాది మనం పట్టుకున్న పని ఒక్కటే, మెషీన్ లేబుల్ అంటే స్టాంపుకి బదులు కవరు మీద అంటించేందుకు మెషీన్‌లోంచి వచ్చే పోస్టేజ్ చీటీ కదా, అలాంటి ప్రతి లేబుల్‌కీ దాని పుట్టుపూర్వోత్తరాలు మన రిజిస్టర్‌లో రాసిపెట్టడం. ఎందుకంత పట్టుదల అని కొత్త సభ్యులు అడిగారు కాబట్టి చెప్తాను. మామూలు స్టాంపు ప్రెస్సులోనే మొత్తం అచ్చయిపోయి వస్తుంది, ఏ కౌంటర్లో కొన్నా అదే స్టాంపు. మెషీన్ లేబుల్ అలా కాదు, రోల్ మీద బొమ్మ మాత్రమే ప్రెస్సులో పడుతుంది, రేటో సర్వీసు పేరో మెషీన్ కోడో స్పెషల్‌గా వేసే ఎగ్జిబిషన్ పేరో ఇవన్నీ మనం బటన్ నొక్కాకే అక్కడికక్కడ పడతాయి. అంటే ఆ రోజు ఆ మెషీన్ దగ్గర ఎవరూ తీసుకోకపోతే ఆ లేబుల్ అసలు పుట్టనే పుట్టదు. ఫలానా రోజు ఫలానా మెషీన్‌లో పడ్డ లేబుల్‌కి పోస్టల్ శాఖ గోడౌన్లో మిగిలిన స్టాకంటూ మామూలుగా ఉండదు, తర్వాత ఉత్తరం రాసి తెప్పించుకుందాం అంటే చాలాసార్లు కుదరదు. అందుకే తీసుకున్నవాళ్ల చేతిలో ఉన్న వివరమే చరిత్ర.

నెలనెలా మీటింగులు ఆన్‌లైన్‌లోనే జరిగాయి, హాజరు బాగానే ఉంది. మొదటి మీటింగులో పాతకాలం సంగతులు, అంటే స్విట్జర్లాండ్‌లో 1976లో ఫ్రామా కంపెనీ లేబుల్ మెషీన్లు పెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాం. జర్మనీ 1981 జనవరిలో పోస్ట్‌హార్న్ (తపాలా బూర) బొమ్మతో తన లేబుళ్లు తెచ్చింది, బ్రిటన్ మాత్రం 1984 మే 1 నుంచి ఒక ఏడాది ట్రయల్ వేసి చూసి ఆపేసింది, లండన్, కేంబ్రిడ్జ్, యార్క్, విండ్సర్, సౌతాంప్టన్ పక్కనున్న షర్లీ, ఈ ఐదు చోట్లే మెషీన్లు. అర పెన్నీ లేబుల్ కూడా వచ్చేది వాటిలోంచి, ఆ ఏడాది చివర్లో అర పెన్నీ నాణెమే చెల్లకుండా పోయింది చూడండి, అందుకే దాంతో పోస్టయిన కవరు దొరికితే వదలకండి.

హాంకాంగ్ మీద మన సభ్యురాలు ఒకావిడ ఇచ్చిన టాక్ చాలామందికి నచ్చింది. అక్కడ 1987లో కుందేలు సంవత్సరంతో మొదలుపెట్టి ఏటేటా చైనా పంచాంగంలో ఆ ఏడాదికి చెప్పే జంతువు బొమ్మతో లేబుళ్లు తెచ్చారు, ఒకే డిజైన్ మీద 01 అని ఒక మెషీనూ 02 అని ఇంకో మెషీనూ నంబరు వేసేవి. బొమ్మ ఒకటే అయినా నంబరు తేడాతో రెండూ ఉండాలి కదా అని ఆవిడ జత జతలుగా పెట్టి చూపించారు. దీన్నే మిగతా దేశాలకీ మోడల్‌గా పెట్టుకోమని కమిటీ సలహా.

ఎక్కువ టైమ్ పట్టింది మాత్రం బ్రిటన్ పోస్ట్ అండ్ గో లేబుళ్లకే, అంటే పోస్టాఫీసుల్లో మనమే బటన్ నొక్కి తీసుకునే మెషీన్లవి. 2008లో మేచిన్ అనే శిల్పి చేసిన ఎలిజబెత్ రాణి తల బొమ్మతో మొదలైనవి, 2010 సెప్టెంబర్లో బ్రిటన్ పక్షుల సిరీస్‌తో బొమ్మల లేబుళ్లు అయ్యాయి, రాబర్ట్ గిల్‌మోర్ గీసిన పక్షులు. ఒక రోల్ మీద ఆరు పక్షులు వరసగా తిరుగుతూ వచ్చేవి, మెషీన్‌లో అప్పటికి ఐదు సర్వీసులు, ఫస్ట్ క్లాస్, ఫస్ట్ లార్జ్, యూరప్, వరల్డ్‌వైడ్‌లో బరువుని బట్టి రెండు. ఏ పక్షి మీద ఏ సర్వీసైనా పడొచ్చు కాబట్టి ఒక్క సెట్టుకే ముప్పై రకాలు అవుతాయి, ఆ తర్వాత మెషీన్ కోడ్లు లెక్కేసుకుంటే అంతే లేదు. అన్నీ కొనాలని చూస్తే జేబు ఖాళీ తప్ప ఆనందం మిగలదు. ఆరు పక్షులూ ఒక సర్వీసుతో ఒక స్ట్రిప్ (విడదీయని లేబుళ్ల వరుస), ఐదు సర్వీసులూ ఉన్న ఇంకో స్ట్రిప్, నిజంగా పోస్టులో తిరిగిన ఒక కవరు, ఇంతే చాలని నా అభిప్రాయం, కమిటీలో కూడా ఎక్కువమంది ఇదే అన్నారు.

ఆ మీటింగులో ఒక లేబుల్‌ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాం. 56 మిల్లీమీటర్ల పొడవు, 25 ఎత్తు, ఒక పక్క గ్రావ్యూర్ అనే ప్రెస్సు ప్రింటులో పక్షి ఈకల రంగు నున్నగా ఉంది, దాని పక్కనే మెషీన్‌లోని థర్మల్ హెడ్ వేడితో కొట్టిన నల్లక్షరాలు, దగ్గరగా చూస్తే అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కింద చిన్న అంకెల వరుస ఉంది కదా, అది చదవడం వస్తే ఏ ఆఫీసు, అందులో ఎన్నో మెషీన్, ఎన్నో లావాదేవీ, ఆ లావాదేవీలో ఎన్నో లేబుల్ అన్నీ తెలిసిపోతాయి. అందుకే స్ట్రిప్ ముక్కలు చేయొద్దని, రసీదు పారేయొద్దని ఇన్నిసార్లు చెప్పేది, రసీదు మీద తేదీ ఉంటుంది, లేబుల్ మీద ఉండకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి, రంగు పోవడం. థర్మల్ ప్రింటులో సిరా ఉండదు, వేడికి కాగితం పూతలో ఉన్న రసాయనం నల్లబడుతుంది అంతే, కాబట్టి ఎండ తగిలినా వేడి తగిలినా పాడవుతుంది, అన్నిటికంటే దారుణం పీవీసీ కవర్లు, వాటిలో మెత్తదనం కోసం కలిపే పదార్థం ఆ పూతలోకి దిగి అక్షరాలని తినేస్తుంది. ఒక సభ్యుడు గారు తన ఆల్బమ్ తెరిచి చూపిస్తే పక్షులు పక్షుల్లా నిగనిగలాడుతున్నాయి, సర్వీసు పేరు ఉండాల్సిన చోట ఖాళీ తెల్ల కాగితం, నిజంగా మనసు చివుక్కుమంది. పాలిస్టర్ కవర్లు వాడండి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి, అన్నిటికంటే ముందు చేతికొచ్చిన రోజే స్కాన్ చేసుకోండి. వాడిన లేబుళ్లని నీళ్లల్లో నానబెట్టొద్దు, చుట్టూ కవరు కాగితం కొంచెం వదిలి కత్తిరించి అలాగే ఉంచేయండి.

సభ్యులు లేబుళ్లు మార్చుకోవడానికి ఒకరి నుంచి ఒకరికి పంపే ఎక్స్‌ఛేంజ్ ప్యాకెట్ ఏడాది పొడవునా తిరిగింది, మధ్యలో ఒకసారి చాలా రోజులు ఆగిపోయింది, ప్యాకెట్ అందినవాళ్లు వారంలోపు పక్కవాళ్లకి పంపేయాలి ప్లీజ్. లైబ్రరీకి జర్మన్ స్టాంపుల క్యాటలాగ్ మిఖెల్ పాత ఎడిషన్లు వచ్చాయి, కావాల్సినవాళ్లు అడిగి తీసుకోండి.

తప్పు ప్రింట్ల మీద పెద్ద చర్చే అయింది. వేరే రోల్ పొరపాటున పెట్టడం వల్ల వచ్చినవీ, బొమ్మ మీద అదనంగా వేసే అక్షరాలు (ఓవర్‌ప్రింట్) తప్పుగా పడ్డవీ దొరికితే సంతోషమే, వాటిని పెట్టుకోవచ్చు, కానీ అమ్ముకోవడానికని కావాలనే చేయించినట్టు అనిపించే వాటిని మన ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టకూడదని తీర్మానం చేశాం. కొందరు ఒప్పుకోలేదు, వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో రాశాం.

ఈ ఏడాది మనల్ని వదిలి వెళ్లిపోయిన ఒక పెద్ద సభ్యుడి కుటుంబం ఆయన కలెక్షన్ మొత్తం సంఘానికి ఇచ్చారు, వాళ్లకి మనందరి తరఫున కృతజ్ఞతలు. ఆయన ప్రతి స్ట్రిప్ వెనకాల రసీదు పెట్టి, పక్కన పెన్సిల్‌తో ఏ టైముకి తీశారో, మెషీన్ ఏ తలుపు పక్కన ఉందో కూడా రాసిపెట్టుకున్నారు. మన రిజిస్టర్ ఫార్మాట్ ఆయన పద్ధతి చూసే తయారైంది, ఆ స్ట్రిప్పులన్నీ స్కాన్ చేసే పని ఇంకా సగంలోనే ఉంది.

వచ్చే ఏడాదికి రిజిస్టర్‌లో ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్ పేజీలు నింపాలి. మెషీన్లు తీసేస్తున్నారంటే చాలాచోట్ల ముందుగా ఎవరూ చెప్పరు, ఒక రోజు వెళ్తే ఖాళీ గోడ ఉంటుంది. కాబట్టి మీ దగ్గర ఉన్నవాటిలో మెషీన్ కోడ్ స్పష్టంగా కనిపించేవి ఏ దేశానివైనా సరే స్కాన్ చేసి, తీసిన తేదీ, ఊరు, రసీదు ఉంటే అది కూడా కలిపి సెక్రటరీకి పంపండి. స్కానర్ లేనివాళ్లు ఫోన్‌తో తీసినా పర్లేదు, కింద అంకెల వరుస చదవగలిగేలా ఉంటే చాలు, పేర్లు పెట్టడం, వరసగా సర్దడం మేం చూసుకుంటాం.