కాళ్లకు పసుపు ఫిన్స్ (ఈత రెక్కలు) వేసుకున్న ఆ పెద్దావిడకు

ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. అడిగే స్థితిలో లేను. ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి, అయినా ఇది ఈ రాత్రే రాసేయాలి.

స్కూబా డైవింగ్ చేస్తూ సముద్రంలో 18 మీటర్ల లోతులో, రీఫ్ (పగడపు దిబ్బ) మలుపు తిరగగానే ఒక గ్రే రీఫ్ షార్క్ ఎదురైంది. మామూలుగా అవి మనల్ని చూసి తప్పుకుంటాయి. ఇది తప్పుకోలేదు. వీపు విల్లులా వంచి, పక్క రెక్కలు కిందికి దించి, తల అటూ ఇటూ తిప్పుతూ ఈదడం మొదలుపెట్టింది. మా గైడ్ ఎక్కడో ముందున్నాడు. నాకు ఊపిరి అదుపు తప్పింది. ఆ లోతులో ఒక్కో శ్వాసకు పైన పట్టే గాలికి దాదాపు మూడు రెట్లు ఖర్చవుతుంది, ట్యాంక్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్‌లో ముల్లు కళ్లముందే పడిపోతోంది. పైకి దూసుకుపోదామనే అనిపించింది.

అప్పుడు ఎవరో నా బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపుచేసే గాలి జాకెట్) పట్టీ పట్టుకున్నారు. మా గ్రూపు మనిషి కాదు, వేరే బోటులో వచ్చినావిడ. నన్ను తనవైపు తిప్పి, తన బుడగలు చూపించారు. ఆవిడ నెమ్మదిగా ఊపిరి వదిలితే నేనూ వదలాలి. ఊపిరి బిగబట్టి పైకి పోతే ఊపిరితిత్తులే చిరిగిపోవచ్చు. షార్క్‌కు వీపు చూపకుండా, దానికి దారి వదులుతూ, ఇద్దరం రీఫ్ వెంట మెల్లగా వెనక్కి జరిగాం. నా గాలి అయిపోవస్తుంటే ట్యాంక్ గాలి పీల్చుకునే తన రెండో రెగ్యులేటర్ నా నోటికి అందించారు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో (పైకి వెళ్లేముందు ఒంట్లోని నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి ఆగడం), తన వాళ్లంతా వెళ్లిపోయినా, నా చెయ్యి వదల్లేదు. మాస్క్ మీద పడ్డ నా జుట్టు పక్కకు తీశారు. దానికే నాకు మాస్క్ లోపల ఏడుపొచ్చేసింది. పైకొచ్చాక తన తువ్వాలు కప్పి, "భయం వెయ్యకుండా ఎలా ఉంటుందమ్మా" అన్నారు, అంతే. అమ్మా, మీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను?

అమ్మ, తమ్ముడు ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నారు, వాళ్ల సంగతి వేరే చెప్పాలా.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. డైవ్‌కు ముందు షార్క్ కనిపిస్తే చేతితో చూపే సైగ నేర్పారు. అది అలా ఒళ్లు వంచితే "దగ్గరికి రావద్దు" అని హెచ్చరిస్తోందని ఎవరూ చెప్పలేదు. అంతమందికి ఒక్కడే గైడ్. పైకొచ్చాక నా వేళ్లు తిమ్మిరెక్కితే, మా బోటులోని ఆక్సిజన్ సిలిండర్‌లో గాలే లేదు! డబ్బు కట్టించుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ ఆ సిలిండర్ మీద ఎందుకు లేదు? బయల్దేరే ముందు ఒకసారి తిప్పి చూస్తే చాలు కదా.

అయ్యో, ముఖ్యమైనవాళ్లను వదిలేస్తున్నాను. తమ ఆక్సిజన్ సిలిండర్ మా బోటులోకి అందించిన పక్క బోటు అన్నకు, డీకంప్రెషన్ జబ్బు (లోతు నుంచి పైకొచ్చేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) లక్షణాలేమీ లేవని తేలేదాకా మళ్లీ మళ్లీ వచ్చి చూసిన డాక్టరుగారికి, నీళ్లు తాగించిన నర్సమ్మకు దండాలు. నా ట్యాంక్ విప్పి నన్ను పైకి లాగిన ఇద్దరు కుర్రాళ్లకు కూడా. ఇంకా డైవ్‌లో నాకు జతగా ఉన్న నా బడ్డీకి, బోటువాళ్లను అరిచి పిలిచింది తనే.