రాగి పైపు, మీటరు కర్ర

కువైట్,
7-2-2026.

పాపకు నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, తమ్ముడు, అమ్మ, జేజి అందరూ బాగున్నారని తలుస్తాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం కదా, మళ్లీ ఈ ఉత్తరం దేనికని అడుగుతావు. ఫోన్లో చెప్తే సగం మాటలు సిగ్నల్ లేక పోతాయి, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని చూస్తూ చేసుకోవచ్చు. మన పక్కూరి అన్న ఒకాయన బుధవారం రాజంపేటకు వస్తున్నాడు. ఈ ఉత్తరం, దాంతో పాటు ఒక పొట్లం ఆయన చేతికి ఇచ్చి పంపిస్తున్నాను. పొట్లం సంగతి తర్వాత చెప్తాను, ముందే విప్పొద్దు.

28న బళ్లో సైన్స్ డే అన్నావు. బస్టాండు దగ్గర షాపులో థర్మోకోల్ అగ్నిపర్వతం 400 రూపాయలకు తయారుగా దొరుకుతుందట, కొనిపెట్టమని అడిగావు. డబ్బు పంపమంటే ఇప్పుడే పంపుతాను పాపా, నీకంటే నాకు ఎక్కువేముంది. కానీ ఆ కొండను చేసిన చేతులు వేరేవాళ్లవి. నువ్వు చేసేదల్లా దాని నోట్లో వెనిగర్ పోయడమే. బుస్సుమని నురగ వస్తుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. పైగా అసలు అగ్నిపర్వతంలో జరిగేది అది కాదు. భూమి లోపల రాయి కరిగి, ఆ కరిగిన రాతిలో ఇమిడి ఉన్న ఆవిరి, వాయువులు పైకి తన్నుకొస్తే కొండ బద్దలవుతుంది. షాపు కొండలో వంటసోడా, వెనిగర్ కలిసి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది చూడాలంటే కొండ అక్కర్లేదు. ఖాళీ సీసాలో నిమ్మరసం పోసి, బెలూన్లో రెండు చెంచాల వంటసోడా వేసి, సీసా మూతికి తొడిగి పైకెత్తు. ఊదకుండానే బెలూన్ ఉబ్బుతుంది.

నాకు ఇంత పట్టింపు ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను చదువుకున్న బళ్లో సైన్సు గదిలో అద్దాల బీరువా ఉండేది. లోపల గాజు పట్టకం, కటకాలు, గుర్రపునాడా అయస్కాంతం, పరీక్షనాళికలు వరసగా కనిపించేవి. బీరువాకు తాళం. పగిలితే ఎవరు కట్టాలని భయం కాబోలు, అయిదేళ్లలో ఒక్కసారి కూడా అది తెరిచి మా చేతికి ఏదీ ఇవ్వలేదు. సారు బోర్డు మీద పట్టకం బొమ్మ గీసేవారు, మేము నోటుబుక్కులో గీసుకునేవాళ్లం. పదో తరగతి పరీక్షలో ఆ బొమ్మే వచ్చింది. కిరణాలకు బాణాలు పెట్టి, ఊదా నుంచి ఎరుపు దాకా ఏడు రంగుల పేర్లూ రాసి నాలుగుకు నాలుగు మార్కులు తెచ్చుకున్నాను.

ఇక్కడికొచ్చిన రెండో ఏడు, ఒకరింట్లో ఏసీ బాగుచేస్తూ నిచ్చెన మీద ఉన్నాను. సాయంత్రం ఎండ కిటికీలోంచి వచ్చి గాజు బల్ల అంచు మీద పడింది. కింద నేల మీదున్న నా పనిముట్ల సంచీ మీద జానెడు పొడవున రంగుల పట్టీ. నిచ్చెన దిగి దాని కింద చెయ్యి పెట్టాను. గోళ్ల మీద ఎరుపు, వేళ్ల కణుపుల దగ్గర పసుపు, ఆకుపచ్చ, మణికట్టు దగ్గర ఊదా. చెయ్యి కదిపితే రంగులు చర్మం మీద జరుగుతున్నాయి. అప్పటికి నాకు 27 ఏళ్లు. పదిసార్లు గీసిన బొమ్మను ఆ రోజే చూశాను. ఆ ఇంటాయన వచ్చి ఏమైందని అడిగేదాకా అక్కడే కూర్చున్నాను.

నువ్వు 27 ఏళ్లు ఆగక్కర్లేదు. పట్టకం కూడా అక్కర్లేదు. పొద్దున ఎనిమిది గంటలప్పుడు ఎండ మన వంటింటి గడప దాకా వస్తుంది కదా, అక్కడ పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి పెట్టు. అందులో అమ్మ చేతి అద్దం సగం మునిగేలా ఏటవాలుగా ఆనించు. అద్దం వంపును కొద్దికొద్దిగా మారుస్తూ పో, ఎదుటి గోడ మీద రంగులు పడతాయి. నీళ్లు కదలకుండా ఉండాలి. ఆ వెలుగు మాత్రం ఎవరి కళ్లలోనూ పడనీయొద్దు.

పసుపు సంగతి నీకు సగం తెలుసు. నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు జేజి పళ్లెంలో పసుపునీళ్లు కలిపి, చిటికెడు సున్నం వేసి, ఎర్రనీళ్లు దిష్టి తీసింది. పచ్చనివి ఎర్రగా ఎట్లా అయ్యాయని అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నువ్వు చేసి చూడు. ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చగా అవుతాయి. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం, పసుపు వాటి మధ్య రంగు మార్చి సాక్ష్యం చెప్తుంది. తెల్ల కాగితానికి పసుపు ముద్ద పూసి నీడలో ఆరబెట్టి, పట్టీలుగా కత్తిరించుకో. సబ్బునీళ్లు, కట్టెల బూడిద కలిపిన నీళ్లు, చింతపండు పులుసు, మజ్జిగ, వంటసోడా నీళ్లు, అన్నిటిలోనూ ఒక్కో పట్టీ ముంచి చూడు. పులుపు వాటిలో పసుపు ఏమీ చెప్పదు, పచ్చగానే ఉంటుంది. అందుకు పెరట్లో ఎర్రమందారం ఉంది. నాలుగు పూల రేకులు వేడినీళ్లలో నానేసి వడగట్టు. ఆ నీళ్లు నిమ్మరసానికి ఒక రంగు, సబ్బుకు ఇంకో రంగు చూపిస్తాయి. ఏ రంగులో నేను రాయను. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, జేజి పక్కన ఉన్నప్పుడే తియ్యి.

ఇప్పుడు పొట్లం విప్పు.

అందులో అర మీటరు రాగి పైపు ఉంటుంది. ఏసీ బిగించగా మిగిలిన ముక్క, మేము కాపర్ పైపు అంటాం. గ్యాసు పోయేది దీంట్లోనే. అంచులు నీ చెయ్యి కోయకుండా ఆకురాయితో నున్నగా అరగదీశాను. చొక్కా గుండీ అంత అయస్కాంతాలు రెండు, కాగితంలో చుట్టి ఉన్నాయి. ముందు అయస్కాంతాన్ని పైపుకు ఆనించు. అంటుకోదు. రాగిని అయస్కాంతం లాగదు, ఆ సంగతి ముందు గట్టి చేసుకో. తర్వాత పైపును నిలువుగా పట్టుకుని, పై నుంచి చింతగింజ వెయ్యి. వేసీ వేయగానే కింద పడుతుంది. ఇప్పుడు రెండు అయస్కాంతాలనూ ఒకదానికొకటి అతికించి పై నుంచి వదులు.

నేను మొదటిసారి చేసినప్పుడు లోపల ఇరుక్కుపోయిందనుకున్నాను. పైపులోకి తొంగి చూస్తే గోడలకు తగలకుండా నిదానంగా దిగుతోంది, నూనెలో పడ్డ ఆవగింజ లాగ. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక కింద నా అరచేతిలోకి వచ్చింది. రూములో నలుగురం ఉంటాం, అన్నం మాని అందరం ఒకరి తర్వాత ఒకరం వేసి చూశాం. మన పెరట్లో పడున్న ప్లాస్టిక్ పైపు ముక్కలో కూడా వేసి చూడు, దాంట్లో ఆగదు.

కారణం ఇది. అయస్కాంతం కదులుతుంటే దగ్గరున్న రాగిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు కూడా అయస్కాంత బలం ఉంటుంది, అది పడేదానికి అడ్డం తిరిగి ఆపబోతుంది. అయితే పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే కదలిక ఆగిన క్షణమే కరెంటూ ఆగిపోతుంది. అందుకని మెల్లగా దిగుతుంది. కదిలే అయస్కాంతం తీగలో కరెంటు పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. కమ్మరి కొడుకు, చిన్నప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరి, అట్టలు కట్టడానికి వచ్చిన పుస్తకాలు చదివి సైన్సు నేర్చుకున్నవాడు. ముద్దనూరు థర్మల్ స్టేషన్లో కూడా రాగి చుట్టల మధ్య అయస్కాంతాన్నే ఆవిరి బలంతో తిప్పుతారు. మనింట్లో బల్బు వెలిగే కరెంటు వెనక ఉన్న సూత్రమే నీ చేతిలోని పైపులోనూ ఉంది. 28న ఇది తీసుకుపో. వచ్చినవాళ్లకు నువ్వు చేసి చూపించొద్దు, అయస్కాంతం వాళ్ల చేతికిచ్చి వాళ్లనే వదలమను.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. తమ్ముడికి ఆ అయస్కాంతాలు ఎట్టి పరిస్థితిలోనూ దొరకకూడదు. రెండూ మింగితే కడుపులో పేగుల గోడలకు ఇటొకటి అటొకటి అతుక్కుని పేగుకు చిల్లు పడుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. పని అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో వేసి అమ్మ బీరువాలో పెట్టు. తాళం అక్కడ వెయ్యొచ్చు.

ఇక మనిద్దరం కలిసి చేయాల్సింది ఒకటి ఉంది. నిన్న శుక్రవారం నాకు సెలవు. మిద్దె ఎక్కి, మీటరు పొడవు కర్రను నిలువుగా నిలబెట్టాను. నిలువు సరిపోయిందా అని దారానికి బోల్టు కట్టి చూసుకున్నాను. పన్నెండు దగ్గర్నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొనకు సుద్దముక్కతో గుర్తు పెట్టాను. అన్నిటికంటే పొట్టి నీడను టేపు పెట్టి కొలిస్తే, కర్ర మీటరైతే నీడ కూడా సరిగ్గా మీటరే వచ్చింది. రెండుసార్లు కొలిచాను. అదే రోజు మన రాజంపేటలో అంత నీడ ఉండదు, ఎందుకంటే నువ్వు భూమధ్యరేఖకు నాకంటే దగ్గరగా ఉన్నావు. భూమి బల్లపరుపుగా ఉంటే, అంత దూరాన ఉన్న సూర్యుడి వెలుగులో ఇద్దరికీ ఒకటే నీడ పడాలి. గుండ్రంగా ఉంది కాబట్టి నీ కర్ర ఒక వైపు, నా కర్ర ఒక వైపు చూస్తున్నాయి. ఆ తేడా ఎంతో తెలిస్తే భూమి చుట్టుకొలత లెక్కగట్టొచ్చు. సుమారు 2,200 ఏళ్ల కింద ఎరటోస్తనీస్ అనే ఆయన ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య ఈ లెక్కే చేశాడు. ఒక ఊళ్లో మధ్యాహ్నం నీడ లేదు, ఇంకో ఊళ్లో వృత్తంలో యాభయ్యో వంతు కోణం వచ్చింది. ఆయనకు రెండు ఊళ్లున్నట్టు మనకు రాజంపేట, కువైట్ ఉన్నాయి.

నీకు ఇంకా త్రికోణమితి రాదు, ఫరవాలేదు. కర్ర 100 సెంటీమీటర్లైతే కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత గియ్యి. నీడను కూడా అట్లాగే పదో వంతు చేసి అడ్డగీత గియ్యి. కొనలు కలిపి, పై మూలలో కోణమానిని పెట్టి కోణం చూడు. నా కోణంలోంచి నీ కోణం తీసెయ్యి. అట్లాసులో కువైట్ నుంచి నిటారుగా కిందికి, రాజంపేటకు సరిసమానం అయ్యేదాకా దూరం స్కేలుతో కొలువు. నేను కొలిస్తే 1,700 కిలోమీటర్ల దరిదాపు వచ్చింది, నువ్వు మళ్లీ కొలువు. తేడా కోణానికి అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? నువ్వు రోజూ చేసే లెక్కే. అసలు జవాబు 40,000 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. మనకు 36,000 వచ్చినా కొట్టేసి దిద్దొద్దు, ఎక్కడ తప్పామో వెతుకుదాం. కర్ర వంగిందా, నేల వాలుగా ఉందా, నీడ కొన మసకగా ఉందా, అన్నీ నోటుబుక్కులో రాసిపెట్టు. ఏ పని చేసినా ముందు ఏం జరుగుతుందనుకున్నావో రాసి, తర్వాత ఏం జరిగిందో రాయి. మొదటిది తప్పైతే అట్లాగే ఉండనీ.

ఏప్రిల్ 28కి ఒకటి రెండు రోజులు అటూఇటూగా మన ఊళ్లో పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆగస్టు మధ్యలో మళ్లీ ఒకసారి. కర్కటరేఖ దాటి ఉన్నాను కాబట్టి ఇక్కడ నాకు ఏడాదిలో ఏ రోజూ అది కనిపించదు. ఆ రోజు ఫోటో తీసి పంపాలి నువ్వు.

15 ఆదివారమే, కానీ శివరాత్రి, గుడి, ఉపవాసం, నీకు కుదరదు. 22 ఆదివారం పెట్టుకుందాం. పన్నెండు పదికే మిద్దె మీద ఉండు. మన దేశం గడియారం కాకినాడ పక్కగా పోయే రేఖాంశానికి పెట్టింది, మనం దానికి పడమరగా ఉన్నాం. పైగా ఈ నెలలో పొద్దు గడియారానికి పావుగంట వెనకబడి ఉంటుంది. అందుకని నీ పొట్టి నీడ పన్నెండున్నరకు కాస్త ముందు వస్తుంది, పన్నెండు నలభై దాకా గుర్తులు పెడుతూనే ఉండు. నెత్తికి తువ్వాలు చుట్టుకో. నా నీడ కొలిచేసరికి మీకు రెండున్నర దాటుతుంది. ఔట్‌డోర్ యూనిట్లన్నీ మిద్దెల మీదే కాబట్టి ఆ రోజు పనిలో ఉన్నా ఎక్కడో ఒక మిద్దె మీదే ఉంటాను, కర్ర, టేపు వెంట తీసుకుపోతాను. మూడు గంటలకు ఫోన్ చేస్తాను. అప్పటిదాకా నీ అంకె నాకు చెప్పొద్దు, నాది నీకు చెప్పను.

ఇట్లు,
నాయన

తమ్ముడు తనకేమీ పంపలేదని ఏడుస్తాడు. బొప్పాయి ఆకు కాడ కోసి, మూసి ఉన్న కొన దగ్గర చిన్న చీలిక పెట్టి పీక చేసివ్వు. ఊదాక కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పో, పొట్టిదయ్యే కొద్దీ గొంతు ఎట్లా మారుతుందో వాడినే చెప్పమను.