గులాబి నీళ్లు, గోధుమ రంగు పండ్లు

అరేయ్ శీనూ,

ఎట్లున్నవ్ రా? ఫోన్ ఎత్తవు, మెసేజ్ పెడితే ఒక బొమ్మ పెట్టి ఊకుంటవ్, అందుకే ఇట్ల పెద్దగ రాస్తున్న, మొత్తం సదువు.

అప్పట్ల జ్ఞానదంతం పీకిచ్చుకున్న గదా, డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిండు. గులాబి రంగుది. రెండో రోజు కెల్లి పొద్దుగాల 10 ఎమ్మెల్, రాత్రి 10 ఎమ్మెల్, అర నిమిషం పుక్కిలిచ్చి ఉమ్మెయ్, 2 వారాలు చాలు అన్నడు. ఆ "చాలు" అన్నదే నా చెవిల పడలే. నోరు సల్లగ, వాసన లేకుంట మంచిగుంది గదా అని సీసా అయిపోంగనే ఇంకో సీసా తెచ్చి 2 నెల్లు పుక్కిలిచ్చిన, పైంగ రోజుకు అయిదు చాయ్‌లు.

ఇగ జూడు, ముందు పండ్లు గోధుమ రంగుకు తిరిగినయ్. కూరల ఉప్పు తెలుస్తలేదు, నేను ఉప్పేసుకునుడు, అమ్మ తిట్టుడు. నా పండ్లు జూసి "ఏడనో బోరు నీళ్లు తాగినవ్ రా" అని మొదలువెట్టింది. మనది నల్గొండ, పన్ను రంగు మారితే ఫ్లోరైడ్ తప్ప ఇంకోటి తట్టది మనోళ్లకు. అది చిన్నప్పుడు పండ్లు తయారయ్యేటప్పుడు పట్టేది, 35 ఏండ్లకు కొత్తగ ఎట్లొస్తదే అంటే వింటదా, మర్రిగూడల చిన్నాయన పండ్లు సూడు అంటది.

డాక్టరు జూసి నవ్విండు. మందుకు చాయ్ తోడైతే మరక ఇంకా గట్టిగ పడతదంట. స్కేలింగ్ చేస్తే పోయింది, ఫ్లోరైడ్‌దైతే అట్ల గీకితే పోయేది కాదన్నడు. ఇంకోటి జెప్పిండు, పేస్టుల నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ ఈ మందును సరిగ పని చేయనియ్యదట, బ్రష్ చేసినంక అరగంట ఆగాలె. నేనేమో నోట్ల నురగ పోకముందే పోసుకునేటోన్ని! అంటే సగం పైసలు సింకుల పోసినట్టే, మరకలు మాత్రం తప్పలే.

నువ్వు వాడే లిస్టరిన్ వేరే తీరు రా. అది 1879ల ఆపరేషన్లకు వాడే మందుగ పుట్టింది, జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ పేరు మీద. దాంట్ల ఉండే థైమాల్ మన వామల ఉండేదే, అమ్మకు చెప్తే "మరి వాము నీళ్లు తాగుమంటే మొకం తిప్పితివి" అన్నది.

అయినా నువ్వెందుకు పుక్కిలిస్తవో నాకెర్కే, వదిన ఫోన్ చేసింది. జర్దా వాసన గంటసేపు దాగుతది, జర్దా మాత్రం నోట్లనే ఉంటది గదరా.

ఆదివారం క్లాక్ టవర్ కాడికి రా, చాయ్ తాగుదాం. నేను ఒక్కటే తాగుత, స్కేలింగ్ పైసలు ఇంకా మర్వలే.

నీ
రాజు