శిక్షణ ఇచ్చేశాం, తరగతిలో ఏం జరుగుతోంది?

సంపాదకుడికి,

చదువులో వెనకబడిన పిల్లల కోసం ఏ కొత్త పద్ధతి వచ్చినా టీచర్లకు ఒకటి రెండు రోజులు శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకుంటున్నారు. మొదట్లో అమలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత పట్టించుకునేవారు లేకపోతే కొద్ది రోజుల్లోనే ఆ పద్ధతిలో టీచర్ చేయాల్సిన ఒక్కో మెట్టూ జారిపోతుంది. 1990ల నుంచి పరిశోధనలు ఈ మాట చెబుతూనే ఉన్నాయి. అయినా పిల్లలు మెరుగుపడకపోతే 'పద్ధతి పనికిరాదు' అని తేల్చేస్తున్నాం. అసలు అది తరగతిలో జరిగిందా అని అడగం!

ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదివించే పద్ధతినే చూడండి. పిల్లవాడు తప్పు చదివితే టీచర్ అక్కడే ఆపి, సరైన మాట చెప్పి, వాడి చేత అనిపించి, ఆ వాక్యాన్ని మొదటినుంచి చదివించాలి. హడావుడిలో టీచర్ మాట అందిస్తారు, వాడు తలూపి ముందుకెళ్తాడు. ఆ మాట వాడి నోట రానే రాదు. చూసేవాళ్లకు మాత్రం పాఠం సాగినట్టే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి మెట్లు రాసిన కాగితం ఒకటి చాలు. సహ టీచరో శిక్షకుడో పాఠం జరిగే పావుగంట కూర్చుని, జరిగిన మెట్టుకు టిక్ పెట్టాలి. 10 మెట్లలో 6 జరిగితే 60 శాతం. అదే రోజు, వీలైతే పిల్లలు వెళ్లగానే, ఐదు పది నిమిషాలు మాట్లాడాలి. బాగా చేసినదాన్ని పేరుపెట్టి చెప్పాలి. 'బాగుంది, ఇంకాస్త శ్రద్ధ పెట్టండి' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ రోజు శాతాన్ని, పిల్లవాడి ప్రగతిని పక్కపక్కనే గ్రాఫుగా చూపించాలి. తప్పిన మెట్టును అక్కడికక్కడే ఒకసారి చేసి చూడాలి. తొలి రోజుల్లో ఇది రోజూ ఉండాలి. అమలు 80 శాతం దాటి నిలకడగా ఉంటే వారానికొకసారికి, ఆపై రెండు వారాలకొకసారికి తగ్గించవచ్చు. ఒక్కసారిగా మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఒకే మెట్టు అందరు టీచర్లకూ తప్పుతోందంటే లోపం వాళ్లది కాకపోవచ్చు. పీరియడ్‌లో సమయం చాలదేమో, సామగ్రి అందలేదేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ కాగితం టీచర్ పనితీరు ఫైల్లోకి వెళ్లకూడదు. వెళ్తుందని తెలిసిన మరుక్షణం అది తనిఖీ అయిపోతుంది. చూడటానికి ఎవరో వచ్చిన రోజున అన్ని మెట్లూ జరుగుతాయి, మర్నాడు ఏమీ ఉండదు.

శిక్షణ తేదీలు ఖరారు చేసేటప్పుడే, ఆ తర్వాతి నెలలో ఏ టీచర్ తరగతికి ఎవరు, ఏ పీరియడ్‌లో వెళ్తారో కూడా రాసి పెట్టాలని విద్యాశాఖను కోరుతున్నాం. వెళ్లేవారికి ఆ పీరియడ్ ఖాళీ ఇవ్వాలి.

— కొందరు ఉపాధ్యాయ శిక్షకులు